వేదిక దిగాక పరిశోధన ఏమవుతోంది?

వైద్య సదస్సుల్లో చదివిన పరిశోధనల్లో చివరికి ఎన్ని పూర్తి వ్యాసాలుగా జర్నళ్లలో అచ్చవుతున్నాయి? ఈ ప్రశ్నకు విస్తృతమైన సమాధానం కాక్రేన్ సంస్థ తరఫున 2018లో వెలువడిన ఒక సమీక్షలో ఉంది. రోబర్టా షెరర్, ఎరిక్ ఫాన్ ఎల్మ్, మరికొందరు కలిసి ఈ విషయం మీద అప్పటికి వచ్చిన 425 నివేదికలను ఒకచోట చేర్చారు. వాటిలో లెక్కకు వచ్చిన సారాంశాలు 3,07,028. పూర్తి వ్యాసంగా వెలుగు చూసినవి 37.3 శాతం. మిగిలిన లక్షా తొంభై వేల పైచిలుకు పరిశోధనలు రెండు మూడు వందల మాటల సారాంశం దగ్గరే ఆగిపోయాయి.

పైకి ఇది డాక్టర్ల పదోన్నతులకు, బయోడేటాలకు సంబంధించిన లెక్కలా కనిపిస్తుంది. నిజానికి ఇది రోగులకు సంబంధించిన లెక్క. ఒక్కొక్క సారాంశం వెనక అదనంగా రక్తం ఇచ్చినవాళ్లున్నారు, తమకు అవసరం లేకపోయినా ఇంకో స్కానుకు ఒప్పుకున్నవాళ్లున్నారు, బిడ్డను ఒళ్లో పెట్టుకుని ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబులు చెప్పిన తల్లులున్నారు. రేపు మరొకరికి మేలు జరుగుతుందని చెప్పి వాళ్ల చేత సమ్మతి పత్రం మీద సంతకం పెట్టించుకుంటారు. ఆ మేలు జరగాలంటే ఇక్కడ తెలిసిన సంగతి ఇంకో ఊళ్లోని ఇంకో డాక్టరుకు పూర్తిగా, నమ్మదగిన రూపంలో చేరాలి. సదస్సులో ఎనిమిది నిమిషాలు మాట్లాడినంత మాత్రాన అది చేరదు.

ముందు ఈ శాతాలు ఎలా పుడతాయో చూడాలి. ఏదో ఒక ఏడాది సదస్సు తాలూకు సారాంశాల సంపుటి తీసుకుంటారు. ఒక్కోదానికీ మొదటి రచయిత పేరు, చివరి రచయిత పేరు, ముఖ్యమైన పదాలు వేసి పబ్‌మెడ్ లాంటి సూచికల్లో వెతుకుతారు. దొరకనివాటి గురించి కొందరు నేరుగా రచయితలకే ఉత్తరం రాసి అడుగుతారు. ఈ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. శీర్షిక మారిపోతుంది, రచయితల వరుస తారుమారవుతుంది. మన దగ్గర ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట చివర, ఒకచోట పొడి అక్షరంగా ఉంటుంది కాబట్టి ఒకే మనిషి మూడు పేర్లతో కనబడవచ్చు. సూచికల్లోకి ఎక్కని చిన్న జర్నళ్లలో వచ్చినవి అసలు లెక్కకే రావు. కాబట్టి అసలు శాతం దీనికంటే కొంత ఎక్కువే ఉండవచ్చు. అయినా ఇన్ని దేశాల్లో, ఇన్ని శాఖల్లో, ఇంతమంది వేర్వేరుగా లెక్కపెట్టినప్పుడు మొత్తం మీద కనిపించే బొమ్మ తప్పయ్యే అవకాశం తక్కువ.

కాలాన్ని బట్టి చూస్తే ఇంకో సంగతి తేలుతుంది. 19,123 సారాంశాల మీద ఫాన్ ఎల్మ్ బృందం 2003లో ప్రచురించిన సమీక్షలో రెండేళ్లకు 27 శాతం, నాలుగేళ్లకు 41 శాతం, ఆరేళ్లకు 44 శాతం వ్యాసాలయ్యాయి. అంటే నాలుగేళ్ల తర్వాత ఆ గీత దాదాపు చదునైపోతుంది. "ఇంకా రాస్తున్నాను" అనే మాట నాలుగేళ్లు దాటిందంటే ఆ వ్యాసం రావడం అరుదు. 2018 సమీక్ష పదేళ్ల వ్యవధికి వేసిన అంచనా కూడా 46.4 శాతమే. రోగులను చీటీ వేసినట్టు రెండు వర్గాలుగా విడదీసి మందును పరీక్షించే రాండమైజ్డ్ ట్రయల్స్‌కు మాత్రం అదే వ్యవధిలో 68.7 శాతం. వైద్యంలో అత్యంత గట్టి సాక్ష్యమని మనం నమ్మే ఈ ట్రయల్స్‌లో కూడా దాదాపు మూడో వంతు పదేళ్లకూ బయటికి రాదన్న మాట.

షెరర్ బృందమే 1994లో లెక్క వేసినప్పుడు సగం దాకా ప్రచురితమైనట్టు తేలింది. 2007లో అది 44.5 శాతం, 2018లో 37.3. దీన్ని చూసి పరిస్థితి ఏటేటా దిగజారుతోందని తేల్చేయడం సరికాదు. లెక్కలోకి వచ్చిన సదస్సులు పెరిగాయి, దేశాలు పెరిగాయి, చిన్న చిన్న సంఘాల సమావేశాలు చేరాయి. అయితే మెరుగుపడిందని చెప్పడానికి ఆధారం ఒక్కటీ లేదు. ముప్పై ఏళ్లుగా అందరికీ తెలిసిన జబ్బు తగ్గలేదు.

సారాంశం ఉంది కదా, అది చాలదా అని అడిగేవాళ్లు ఉంటారు. చాలదు. సదస్సుకు చాలా నెలల ముందే సారాంశం పంపాలి. అప్పటికి రోగుల నమోదు పూర్తయి ఉండకపోవచ్చు, ఫాలో అప్ సగంలో ఉండవచ్చు. ఎంపిక సంఘం చూసేది ఆ రెండు మూడు వందల మాటలనే. రోగులను ఎలా ఎంచుకున్నారు, ఎంతమంది మధ్యలో మానేశారు, మొదట కొలవాలనుకున్నది ఏమిటి, చివరికి కొలిచింది ఏమిటి అన్న వివరాలకు అక్కడ చోటు లేదు. ఆ వివరాలు లేకుండా ఫలితాన్ని బేరీజు వేయడం ఎవరి వల్లా కాదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ సదస్సుల్లో 1999 నుంచి 2002 దాకా చదివిన ట్రయల్స్ సారాంశాలను, తర్వాత వచ్చిన వాటి వ్యాసాలతో పక్కపక్కన పెట్టి పోల్చిన అధ్యయనం 2006లో జామా పత్రికలో వచ్చింది. సారాంశంలోని అంకెలు వ్యాసానికి వచ్చేసరికి మారిపోవడం మామూలు విషయమని అందులో తేలింది. ఆర్భాటంగా ప్రధాన వేదిక మీద ప్రకటించిన ట్రయల్స్ కూడా ఇందుకు మినహాయింపు కాదు. 2008లో సారాంశాలకంటూ ప్రత్యేకంగా కన్సార్ట్ మార్గదర్శకాలు రూపొందడానికి ఇలాంటి అనుభవాలే కారణం.

అంకెలు మారడం ఒక ఎత్తు. అసలు పరిశోధనే జరగకపోవడం ఇంకో ఎత్తు. 1999 మే నెలలో అట్లాంటాలో జరిగిన అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ సదస్సు ఇందుకు మరచిపోకూడని ఉదాహరణ. రొమ్ము క్యాన్సర్‌కు అతి ఎక్కువ మోతాదులో కీమోథెరపీ ఇచ్చి, దానివల్ల దెబ్బతినే ఎముక మజ్జను ముందే తీసి దాచిన మూలకణాలతో తిరిగి నిలబెట్టే చికిత్స ఆ దశాబ్దంలో బాగా ప్రచారంలో ఉండేది. పని చేస్తుందన్న రుజువు రాకముందే వేలాది మంది స్త్రీలు ఆ కఠినమైన చికిత్స చేయించుకున్నారు. చికిత్సకే ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. బీమా కంపెనీలు డబ్బు కట్టడానికి నిరాకరిస్తే కోర్టులకెక్కారు. అట్లాంటాలో ఈ చికిత్స మీద ఐదు ట్రయల్స్ ఫలితాలు చదివారు. నాలుగింటిలో మామూలు కీమోథెరపీ కంటే స్పష్టమైన లాభం కనబడలేదు. దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన వెర్నర్ బెజ్‌వోడా మాత్రం 154 మంది రోగుల్లో గొప్ప లాభం కనిపించిందని చెప్పాడు.

నాలుగు నిరాశల పక్కన ఒక ఆశ కనబడితే మనసు దానివైపే మొగ్గుతుంది. ఆ ఒక్క ట్రయల్‌ను ఆధారం చేసుకుని అమెరికాలో పెద్ద ఎత్తున కొత్త ట్రయల్ మొదలుపెట్టే ఆలోచన వచ్చింది. అయితే అంతకుముందే రికార్డులు చూసి రావాలని 2000 జనవరిలో ఒక బృందాన్ని జొహానెస్‌బర్గ్ పంపారు. 154 మందిలో 58 మంది రికార్డులే వాళ్లకు దొరికాయి. పోలిక కోసం ఉండాల్సిన వర్గం ఆనవాళ్లే సరిగా లేవు. దొరికినవాళ్లలో చాలామంది ఆ ట్రయల్‌కు అర్హులే కారు. సంతకం చేసిన సమ్మతి పత్రాలు లేవు. ఆ తనిఖీ నివేదిక అదే ఏడాది లాన్సెట్‌లో వచ్చింది, బెజ్‌వోడా ఉద్యోగం పోయింది. తర్వాత అతని పాత పరిశోధనను తవ్వితే 1995లో జర్నల్ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీలో వచ్చిన వ్యాసాన్ని కూడా 2001లో ఉపసంహరించాల్సి వచ్చింది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. 1995 నాటిది సదస్సు సారాంశం కాదు, సమీక్షకుల కళ్ల ముందు నుంచి వెళ్లి అచ్చయిన పూర్తి వ్యాసం. కాబట్టి జర్నల్లో వచ్చినదల్లా నిజమని ఎవరూ అనలేరు. అయితే పూర్తి వ్యాసం ఉంటే దాన్ని చేతిలో పట్టుకుని ప్రశ్నించవచ్చు. పద్ధతి ఇదన్నావు, రోగులు ఇంతమందన్నావు, చూపించు అని అడగవచ్చు. వేదిక మీద మాట గాలిలో కలిసిపోతుంది. దాన్ని నిలదీయడానికి ఎవరో ఒకరు ఖండాలు దాటి వెళ్లి బీరువాలు తెరిపించాలి.

పూర్తిగా అచ్చు వేయడంలో ఉన్న విలువకు మన హైదరాబాదులోనే పాత సాక్ష్యం ఉంది. 1888, 1889 సంవత్సరాల్లో నిజాం ప్రభుత్వం డబ్బు పెట్టగా, హైదరాబాద్ మెడికల్ స్కూలు అధిపతి ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో రెండు క్లోరోఫాం కమిషన్లు పని చేశాయి. క్లోరోఫాం మత్తులో మనిషి చనిపోతే అది ముందు ఊపిరి ఆగడం వల్లేనా, లేక గుండె ఆగడం వల్లా అన్నది అప్పటి వివాదం. రెండో కమిషన్‌కు లాన్సెట్ పత్రిక తన తరఫున లాడర్ బ్రంటన్‌ను పంపింది. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, ఊపిరిని గమనించుకుంటే చాలు, గుండెకు భయం లేదని తేల్చి, 1890లో లాన్సెట్‌లో నివేదికను సవివరంగా అచ్చు వేశారు. ఆ తీర్మానం తప్పు. కానీ ప్రయోగాల వివరాలు ముద్రణలో ఉండబట్టే 1893లో గాస్కెల్, షోర్ దాన్ని విమర్శిస్తూ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాయగలిగారు. 1911లో గుడ్‌మన్ లీవీ తేలికపాటి క్లోరోఫాం మత్తులోనే గుండె లయ తప్పి ఆగిపోగలదని చూపించాడు. హైదరాబాద్ కమిషన్ తన ఫలితాన్ని ఏదో సమావేశంలో చదివి ఊరుకుని ఉంటే ఆ తప్పు దొరికేది కాదు. మాటగా మాత్రం పాకి, ఇంకా ఎన్నాళ్లో మత్తు ఇచ్చేవాళ్లను దారి తప్పించేది.

సగానికి పైగా పరిశోధనలు ఆగిపోవడం ఒక నష్టం. ఏవి ఆగిపోతున్నాయో చూస్తే నష్టం ఇంకా పెద్దదని తెలుస్తుంది. ఏదీ ఎంచకుండా ఆగిపోతే మిగిలినవి నమూనాగా పనికొచ్చేవి. అలా జరగడం లేదు. కాక్రేన్ సమీక్షలో గణాంక ప్రాముఖ్యం ఉన్న ఫలితం వచ్చిన పరిశోధనలు వ్యాసమయ్యే అవకాశం మిగిలినవాటికంటే 31 శాతం ఎక్కువ. పోస్టర్‌గా పెట్టినవాటికంటే వేదిక మీద చదివినవాటికి అవకాశం ఒకటిన్నర రెట్లకు దగ్గరగా ఉంది. క్యాన్సర్ ట్రయల్స్ విషయంలో 2003లో జామాలో క్రిజిజనోవ్‌స్కా, పింటిలీ, టానక్ రాసిన వ్యాసం మరీ కలవరపెడుతుంది. 1989 నుంచి 1998 దాకా అమెరికన్ ఆంకాలజీ సదస్సుల్లో చదివినవాటిలో ఒక్కొక్కదానిలో రెండు వందల మందికి తక్కువ కాకుండా రోగులున్న 510 పెద్ద ట్రయల్స్‌ను వాళ్లు వెతికారు. ఐదేళ్లకు 26 శాతం అచ్చు కాలేదు. స్పష్టమైన ఫలితం వచ్చినవి 81 శాతం బయటికి వస్తే, తేడా లేదని తేలినవి 68 శాతమే వచ్చాయి.

మందు పని చేయలేదన్న వార్త కూడా రోగికి మందే. ఆ వార్త అందకపోతే ఏమవుతుందో లోర్కెయినైడ్ కథ చెబుతుంది. 1980లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో గుండెపోటు వచ్చిన సుమారు వంద మందిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి గుండె లయను సరిచేసే ఈ మందు ఇచ్చారు. మందు తీసుకున్నవాళ్లలో తొమ్మిది మంది చనిపోయారు, ఉత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో ఒక్కరు. యాదృచ్ఛికమేమో అనుకున్నారు. మందును కంపెనీ వ్యాపార కారణాలతో వదిలేసింది, పరిశోధనను ఎవరూ అచ్చు వేయలేదు. ఈలోగా అదే తరహా మందులు గుండెపోటు రోగులకు విరివిగా వాడుకలోకి వచ్చాయి. 1989లో అమెరికాలోని కాస్ట్ ట్రయల్‌లో ఎన్‌కెయినైడ్, ఫ్లెకెయినైడ్ తీసుకున్నవాళ్లు ఎక్కువగా చనిపోతున్నారని తేలి, ఆ రెండు మందులనూ మధ్యలోనే ఆపేశారు. నాటింగ్‌హామ్ వైద్యులు తమ పాత ఫలితాన్ని 1993లో ప్రచురిస్తూ, అప్పుడే అచ్చయి ఉంటే ముందస్తు హెచ్చరికగా పనికొచ్చేదని తామే రాశారు. పదమూడేళ్ల ఆలస్యాన్ని దాచిపెట్టకుండా ప్రపంచం ముందు పెట్టిన ఆ నిజాయితీకి చేతులెత్తి మొక్కాలి.

విడివిడి కథలే కాదు, కూడికల్లో కూడా ఇది కనిపిస్తుంది. అచ్చయిన ట్రయల్స్‌ను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే చికిత్స ప్రభావం, అచ్చు కానివాటితో పోలిస్తే సగటున 9 శాతం ఎక్కువగా కనబడుతుందని 2007 నాటి మరో కాక్రేన్ సమీక్షలో సాలీ హోప్‌వెల్ బృందం చూపించింది. అందుకే ఇలాంటి సమీక్షలు చేసేవాళ్లు సదస్సుల సారాంశాలను కూడా వెతకాల్సి వస్తోంది. కానీ ఆ సారాంశాల్లో వివరాలుండవు. వదిలేస్తే లెక్క ఒకవైపు ఒరుగుతుంది, కలిపితే నమ్మకం తగ్గుతుంది.

ఇక తప్పెవరిది? చాలామంది వేలు జర్నల్ సంపాదకుల వైపు చూపుతారు. ఫలితం రాని పరిశోధనను వాళ్లు తిప్పి పంపుతారని అంటారు. ఆధారాలు ఈ మాటను బలపరచడం లేదు. 1996 నుంచి 1999 దాకా జామాకు వచ్చిన 745 వ్యాసాలను పరిశీలించిన ఒక అధ్యయనంలో, సానుకూల ఫలితమున్న వ్యాసాలకు సంపాదకులు మొగ్గు చూపినట్టు గట్టిగా చెప్పగల తేడా కనిపించలేదు. అంతకంటే ముఖ్యమైనది 1998లో వెబర్, కాలహమ్ తదితరులు రాసిన వ్యాసం. అమెరికాలో ఎమర్జెన్సీ వైద్యుల సదస్సుకు పంపి, తర్వాత అచ్చు కాని పరిశోధనల రచయితలను వాళ్లు అడిగి చూశారు. వాటిలో ఏదైనా జర్నల్‌కు పంపినవి ఐదింట ఒక వంతే. మిగిలిన నాలుగు వంతులను ఎవరూ తిరస్కరించలేదు, అసలు పంపనే లేదు.

ఎందుకు పంపలేదంటే చాలా అధ్యయనాల్లో మొదట వచ్చే జవాబు ఒక్కటే: తీరిక లేదు. ఇలాంటి కారణాలన్నిటినీ కూర్చి 2015లో షెరర్ బృందమే మరో సమీక్ష చేస్తే అదే తేలింది. ఈ జవాబును సాకుగా కొట్టిపారేయడం తేలిక, కానీ అన్యాయం. సారాంశం రాయడానికి ఒక రాత్రి చాలు. వ్యాసానికి నెలలు కావాలి. గణాంకాలు మళ్లీ చూడాలి, పాత సాహిత్యం చదవాలి, రచయితల పేర్ల వరుస మీద మాట కలవాలి, సమీక్షకుల ప్రశ్నలకు ఒకటికి రెండుసార్లు జవాబులు రాయాలి. ఇంత చేస్తే వచ్చే గుర్తింపు, సదస్సులో పేపర్ చదివితే వచ్చే సర్టిఫికెట్ కంటే చాలాచోట్ల పెద్దగా ఎక్కువేం కాదు. ఓపీ నిండా రోగులున్న ప్రభుత్వాసుపత్రి డాక్టరు ఏది ఎంచుకుంటాడో ఊహించడానికి పరిశోధన అవసరం లేదు.

కొందరిని అనవసర భయం కూడా వెనక్కి లాగుతుంది. సదస్సులో చదివేస్తే అది ప్రచురణ కింద లెక్కవుతుంది, ఇక జర్నల్ తీసుకోదు అని. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ సంపాదకుడు ఫ్రాంజ్ ఇంగెల్‌ఫింగర్ 1969లో పెట్టిన నియమం, వేరేచోట అచ్చయిన దాన్ని మళ్లీ వేయబోమన్నది, ఈ భయానికి మూలం. ఆ నియమం సదస్సు ప్రసంగాలకు వర్తించదు. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ కూడా ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. సదస్సులో సారాంశంగా వచ్చిందని వ్యాసం పంపేటప్పుడు ఒక మాట రాస్తే సరిపోతుంది.

మన దేశానికి వస్తే చిత్రం ఇంకా పలచబడుతుంది. 2000 నాటి అఖిల భారత నేత్రవైద్య సదస్సులో చదివిన 200 పేపర్లను వెతికి 2008లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఆఫ్తల్మాలజీలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సూచికల్లోని జర్నళ్లకు ఎక్కినవి దాదాపు ఆరింట ఒక వంతే. నేత్రవైద్యం మన దగ్గర పరిశోధనలో ముందున్న శాఖల్లో ఒకటి. 2005 నుంచి 2014 దాకా మన వైద్య సంస్థల ప్రచురణలను లెక్కించి రే, షా, నుండీ 2016లో రాసిన వ్యాసం దీనికి కారణం కొంత చూపిస్తుంది. మొత్తం 579 సంస్థల్లో 332, అంటే 57 శాతం, ఆ పదేళ్లలో ఒక్క వ్యాసం కూడా ప్రచురించలేదు. మొత్తం వ్యాసాల్లో 40 శాతం పాతిక సంస్థల నుంచే వచ్చాయి. రాయడం తెలిసిన పెద్దవాళ్లు లేని కాలేజీలో పీజీ విద్యార్థికి రాయడం ఎవరు నేర్పుతారు?

ఆ పీజీ విద్యార్థినే కాసేపు చూద్దాం, ఎందుకంటే మన సదస్సుల్లో పోస్టర్ల గోడ నిండేది ఎక్కువగా వాళ్ల పనితోనే. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, కాళోజీ విశ్వవిద్యాలయం పరిధిలో ఏటా వేలమంది ఎండీ, ఎంఎస్ విద్యార్థులు థీసిస్ సమర్పిస్తారు. పరీక్షకు ఆరు నెలల ముందే అది ఇచ్చేయాలి. అందులోంచి ఒక ముక్క తీసి సదస్సులో పోస్టర్ పెడతారు. పరీక్ష పాసయ్యాక ఒకరు సూపర్ స్పెషాలిటీ సీటు కోసం చదువుకు కూర్చుంటారు, ఒకరు సొంత ఊళ్లో క్లినిక్ తెరుస్తారు, ఒకరు విదేశం వెళతారు. కేస్ షీట్లు, ఎక్సెల్ ఫైలు పాత ల్యాప్‌టాప్‌లో ఉండిపోతాయి. గైడ్‌కు అప్పటికే కొత్త విద్యార్థులు వచ్చి ఉంటారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కానీ ఆ థీసిస్‌లో కొన్ని మన జిల్లాల గురించి, మన రక్తహీనత గురించి, మన పాముకాట్ల గురించి ఇంకెక్కడా దొరకని సంగతులు ఉంటాయి.

దీన్ని సరిచేయాలని భారత వైద్య మండలి 2009లో ఒక నిబంధన తెచ్చింది. పీజీ విద్యార్థి ఒక పోస్టర్ పెట్టాలి, ఒక పేపర్ చదవాలి, ఒక వ్యాసం అచ్చయి గానీ, ఆమోదం పొంది గానీ, కనీసం ప్రచురణకు పంపి గానీ ఉండాలి అని అందులో చెప్పారు. ఉద్దేశం మంచిదే. అయితే రాయడం నేర్పకుండా రాయమని ఆజ్ఞాపిస్తే జరిగేదే జరిగింది. డబ్బు కడితే సమీక్ష లేకుండా వారంలో అచ్చు వేసే నకిలీ జర్నళ్లకు గిరాకీ పెరిగింది. 2017లో డేవిడ్ మోహర్ బృందం నేచర్‌లో రాసిన వ్యాసంలో, అలాంటి జర్నళ్లలో తాము పరిశీలించిన వ్యాసాల్లో అత్యధిక వాటా, 27 శాతం, భారతీయ రచయితలదేనని చూపించింది. ఈ వ్యాపారంలో పెద్ద పేరొకటి హైదరాబాదు కేంద్రంగా నడిచినదే కావడం మనకు బాధ కలిగించాల్సిన విషయం. జర్నళ్లతో పాటు సదస్సులు కూడా నడిపిన ఓమిక్స్ సంస్థ, సమీక్ష గురించి, సంపాదక మండలి గురించి, సదస్సుల్లో మాట్లాడబోయేవాళ్ల గురించి తప్పుదారి పట్టించే మాటలు చెప్పిందంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కోర్టుకెళ్లింది. 2019లో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని ఆ సంస్థను ఆదేశించింది. సదస్సు నుంచి జర్నల్ దాకా ఉండాల్సిన దారిలో రెండు చివరలూ కల్తీ అయితే మధ్యలో నడిచే యువ వైద్యుడికి దిక్కేది?

అన్నీ అచ్చు కావాలని నేను అనడం లేదు. కొన్ని ఆగిపోవడమే మంచిది. సదస్సులో ఎవరో ఒక సీనియర్ లేచి అడిగిన ప్రశ్నతో పద్ధతిలోని లోపం బయటపడి, పరిశోధకుడు వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెడితే సదస్సు తన పని చేసినట్టే. ముగ్గురు రోగుల మీద వచ్చిన అనుభవానికి ఎప్పుడూ వ్యాసం అవసరం ఉండదు. ఈ రకంగా చూస్తే నూటికి నూరు శాతం అన్నది లక్ష్యమే కాదు. అయితే మంచివి మిగిలి లోపాలున్నవి ఆగితే వేరు. ఫలితం నచ్చినవి మిగిలి నచ్చనివి ఆగితే వేరు. ఇప్పుడు జరుగుతున్నది రెండోది.

మార్పు కోసం జరిగిన ప్రయత్నాల్లో గట్టిది ట్రయల్స్‌ను ముందే నమోదు చేయించడం. నమోదు లేని ట్రయల్‌ను అచ్చు వేయబోమని ప్రధాన జర్నళ్ల సంపాదకులు 2004లో ప్రకటించారు, 2005 నుంచి అమలు చేశారు. మన దేశంలో ట్రయల్స్ రిజిస్ట్రీ 2007 జూలైలో మొదలైంది, 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి అయింది. అమెరికా 2007 చట్టంతో, దాని పరిధిలోకి వచ్చే ట్రయల్స్ ఫలితాలను రిజిస్ట్రీలో పెట్టడం చట్టపరమైన బాధ్యతగా మారింది. దీనివల్ల మొదలై మాయమైన ట్రయల్‌ను కనీసం పేరు పెట్టి పిలిచి అడగవచ్చు. కానీ మన సదస్సుల్లో చదివేవాటిలో అధిక భాగం ట్రయల్స్ కావు, ఆసుపత్రి రికార్డుల మీద, సర్వేల మీద ఆధారపడిన పరిశీలనలు. వాటిని అలా అడిగేవాళ్లు లేరు.

వేగం విషయంలో కోవిడ్ కొత్త దారి చూపింది. డెక్సామెథసోన్ ప్రాణాలు కాపాడుతుందని బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్ 2020 జూన్ 16న ప్రకటించింది. వారం లోపే పూర్తి వివరాలు మెడ్‌ఆర్‌కైవ్‌లో, సమీక్షకు ముందే అందరికీ చూపే ప్రీప్రింట్‌గా వచ్చాయి, జూలై 17న న్యూ ఇంగ్లండ్ జర్నల్ సమీక్షించి ప్రచురించింది. ప్రకటనకూ పూర్తి వ్యాసానికీ మధ్య నెల రోజులు. ఇదంతా డబ్బు, మనుషులు ఉన్న పెద్ద ట్రయల్‌కు సాధ్యమైంది కాబట్టి అందరికీ ఇదే ప్రమాణం పెట్టలేం. అయినా ప్రీప్రింట్ పెట్టడానికి రుసుము లేదు. జర్నల్ ఖర్చు భరించలేని జిల్లా వైద్య కళాశాల కూడా ఈ దారి వాడుకోవచ్చు.

పూర్తి వ్యాసం వస్తే ఏం మారుతుందో శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని చూస్తే తెలుస్తుంది. అక్కడి కిడ్నీ జబ్బు సంగతి కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల ప్రజలకూ వైద్యులకూ చాలా ఏళ్లుగా తెలుసు. పత్రికల్లో, ప్రసంగాల్లో రకరకాల అంకెలు తిరిగాయి. 2,210 మందిని పరీక్షించి, 18 శాతం పైగా జనానికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని, వాళ్లలో ఎక్కువమందికి కారణం తెలియడం లేదని కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్‌లో 2019లో వ్యాసం వచ్చింది. ఎవరిని ఎంచుకున్నారు, ఏం కొలిచారు, ఎలా కొలిచారు అన్నది అందులో ఉంది. శ్రీలంకలోనో నికరాగ్వాలోనో ఇదే జబ్బుతో తలపడుతున్న పరిశోధకుడు దాన్ని తన లెక్కలతో పోల్చుకోవచ్చు.

1990లో ఇయాన్ చామర్స్ పరిశోధన ఫలితాలను బయటపెట్టకపోవడం శాస్త్రీయ దుష్ప్రవర్తనేనని జామాలో రాశాడు. 2000 నాటి హెల్సింకీ ప్రకటన, అనుకూలమైనా ప్రతికూలమైనా ఫలితం అందరికీ అందుబాటులో ఉండాలని చెప్పింది. ఈ మాటలను మన రాష్ట్రాల్లో ఆచరణలో పెట్టడానికి కొత్త చట్టాలు అక్కర్లేదు. రాష్ట్ర శాఖల సదస్సులు నడిపే సంఘాలు, పేపర్ చదవడానికి దరఖాస్తు చేసిన ప్రతి ఒక్కరినీ, మూడేళ్ల కిందట ఇక్కడే చదివిన మీ పేపర్ ఏమైందని ఒక గడి పెట్టి అడగవచ్చు. పంపలేదంటే ఎందుకు పంపలేదో రాయమనవచ్చు. లోపం దొరికి ఆపేశామని చెప్పినా అది ఉపయోగకరమైన సమాచారమే. అనుమతి ఇచ్చిన ఎథిక్స్ కమిటీలు పరిశోధన ముగిశాక ఫలితం ఎక్కడ ఉందో అడగవచ్చు. పీజీ విద్యార్థులకు, అధ్యాపకులకు చెన్నైలోని జాతీయ ఎపిడమియాలజీ సంస్థ నడిపే ఆన్‌లైన్ పరిశోధన కోర్సు ఇప్పటికే తప్పనిసరి. దానికి తోడుగా తమ థీసిస్‌నే వ్యాసంగా మలిచే వారం రోజుల శిక్షణను కాలేజీలోనే పెట్టడం పెద్ద ఖర్చు కాదు.

అన్నిటికంటే ముందు చేయగలిగింది ఇంకోటి ఉంది. యూజీసీ ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే శోధ్‌గంగలో ప్రధానంగా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను ఎవరైనా వెతికి చదువుకోవచ్చు. రెండు ఆరోగ్య విశ్వవిద్యాలయాలూ ఎండీ, ఎంఎస్ థీసిస్‌లకు అదే నియమం పెట్టుకోవాలి. రోగులను గుర్తుపట్టే వివరాలు తీసేసి, పద్ధతులు, పట్టికలు, పూర్తి పాఠం ఎవరైనా తెరిచి చూడగలిగేలా ఉంచితే, రచయిత వ్యాసం రాయలేకపోయినా ఆ లెక్కలు మరొకరికి పనికొస్తాయి. మరీ పాతవాటి జోలికి వెళ్లకుండా గత ఐదేళ్లవాటితో మొదలుపెట్టినా చాలు. అవి ఇప్పటికే కంప్యూటర్ ఫైళ్లుగా ఉంటాయి.